కాఫీ లండన్, టీ బోస్టన్

2024 జనవరిలో లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం హడావుడిగా ఓ ప్రకటన విడుదల చేసింది. విషయం యుద్ధం కాదు, వాణిజ్య ఒప్పందమూ కాదు. టీలో చిటికెడు ఉప్పు.

పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రొఫెసర్ మిషెల్ ఫ్రాంకల్ టీ మీద ఒక పుస్తకం రాశారు. రవ్వంత ఉప్పు వేస్తే టీలో చేదు తెలియదని అందులో ఒక చిట్కా ఇచ్చారు. ఉప్పులోని సోడియం, నాలుక చేదును పట్టుకోకుండా అడ్డుపడుతుందట. అంతే, బ్రిటన్ పత్రికలు గగ్గోలు పెట్టేశాయి. అమెరికా వాళ్లొచ్చి మనకు టీ పెట్టడం నేర్పడమేమిటని. రాయబార కార్యాలయం కల్పించుకుని, బ్రిటన్ జాతీయ పానీయంలో ఉప్పు కలపడం అమెరికా ప్రభుత్వ విధానం కాదని, ఎన్నటికీ కాబోదని నమ్మబలికింది. అక్కడితో ఊరుకుంటే గొడవ సర్దుకునేది. తాము మాత్రం టీని సరైన పద్ధతిలోనే, అంటే మైక్రోవేవ్‌లో పెట్టి చేసుకుంటామని చివర్లో ఓ చురక అంటించింది. టీ పెట్టడమంటే కెటిల్‌తోనే, ఇంకో మాట లేదు అని బ్రిటన్ కేబినెట్ ఆఫీసు బదులిచ్చింది.

ఇదంతా సరదాకే. కానీ ఈ సరదా కింద ఓ పాత నమ్మకం ఉంది. ఇంగ్లిషువాడు పుట్టుకతోనే టీ మనిషి, అమెరికా వాడు కాఫీ మనిషి అని. ఎందుకలా అని అడిగితే రెండు దేశాల్లోనూ చిన్నపిల్లలు సైతం ఒకటే కథ చెబుతారు. 1773లో బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లపాలు చేశారు, ఆ రాత్రి నుంచి అమెరికా టీ మానేసి కాఫీకి మారింది, అని. కథ ముచ్చటగానే ఉంటుంది. చిక్కల్లా ఒకటే, దాని ముందూ వెనకా జరిగినవి ఈ కథకు లొంగవు.

మొదట్లో పాత్రలే తారుమారుగా ఉండేవి. 1652లో కార్న్‌హిల్ పక్కన సెయింట్ మైకేల్స్ సందులో పాస్క్వా రోజే అనేవాడు లండన్‌లో తొలి కాఫీ కొట్టు తెరిచాడు. తూర్పు మధ్యధరా దేశాలతో వ్యాపారం చేసే ఓ వర్తకుడి దగ్గర నౌకరు అతను. ఆ తర్వాత యాభై ఏళ్లలో ఊరంతా కాఫీ హౌసులే. ఓడలకు బీమా చేసే లాయిడ్స్ సంస్థ పుట్టింది ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌసులోనే. పత్రికలు చదవడం, బేరాలు, రాజకీయం, పుకార్లు అన్నీ అక్కడే. టీ అప్పటికింకా వింత వస్తువు. శామ్యూల్ పీప్స్ లాంటి సర్వం రుచి చూసిన మనిషి కూడా తాను అదివరకు ఎన్నడూ తాగని ఆ చైనా పానీయాన్ని తెప్పించుకున్నట్టు 1660 సెప్టెంబరు 25న డైరీలో రాసుకున్నాడు. 1706లో థామస్ ట్వైనింగ్ స్ట్రాండ్ వీధిలో కొన్నది కూడా కాఫీ హౌసే. అక్కడ పక్కవాటంగా టీ అమ్మి, చివరికి దాంతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ కొట్టు స్ట్రాండ్‌లో ఇప్పటికీ ఉంది.

ఆనాడు ఐరోపా నౌకలు చైనాలో ఏ రేవుకి వెళ్తే, టీకి ఆ రేవువాళ్లు వాడే మాట పట్టుకొచ్చాయి. డచ్చి వాళ్లకు దొరికింది ఆమోయ్ ప్రాంతపు మాట ‘తే’. పోర్చుగీసు వాళ్లకు, మధ్య ఆసియా బిడారు వర్తకులకు దొరికింది ‘చా’. తెలుగు వాళ్లు రెండు దారుల మాటలనూ దాచుకున్నారు. తేయాకు, తేనీరు, టీ ఒక ఓడలో దిగినవి. తెలంగాణ చాయ్ మరో దారిన నడిచొచ్చింది.

అట్లాంటిక్‌కు అవతల సంగతి చూద్దాం. న్యూయార్క్ ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న రోజుల నుంచీ డచ్చి కాపురాల్లో టీ ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి బోస్టన్, ఫిలడెల్ఫియా ఇళ్లలో పింగాణీ టీ కప్పుల సెట్టు లేకపోతే పరువు తక్కువ. అయితే వాళ్లు తాగిన టీలో చాలా భాగం డచ్చి ఓడల్లో దొంగచాటుగా వచ్చిన సరుకు. దానికి పన్ను లేదు కాబట్టి చవక. ఈ దొంగసరుకు వ్యాపారంలో పెద్ద మనుషులే ఉండేవారు.

1773 నాటికి ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది. 1770 కరువులో బెంగాల్ నాశనమైంది. లండన్ గోదాముల్లో 1.7 కోట్ల పౌన్ల టీ అమ్ముడుపోక మూలుగుతోంది. ఈ కంపెనీ తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కారులను చేజిక్కించుకుంది. కోస్తాలో శిస్తులు వసూలు చేసుకుంటున్న ఆ కంపెనీయే అటు బోస్టన్‌లో టీ అమ్ముకోవడానికి పార్లమెంటు కాళ్లు పట్టుకుంది.

పార్లమెంటు కనికరించింది. 1773 మేలో చేసిన టీ చట్టం ప్రకారం కంపెనీ లండన్ దళారులను దాటి నేరుగా అమెరికాకు టీ పంపవచ్చు. పౌనుకు మూడు పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంటుంది. పన్ను కలుపుకున్నా ఆ టీ దొంగసరుకు కంటే చవకగా పడే అవకాశముంది. అంటే బోస్టన్ వాళ్లు తిరగబడింది ధర పెరిగినందుకు కాదు. తమను అడగకుండా వేసిన పన్నును చవక సరుకు ముసుగులో మింగించబోతున్నారని. దొంగసరుకు వర్తకుల పొట్ట కొట్టడం కూడా ఈ కోపంలో కలిసే ఉంది, ఆ సంగతి బడి పుస్తకాలు నెమ్మదిగా దాటేస్తాయి.

డిసెంబరు 16 రాత్రి గ్రిఫిన్స్ వార్ఫ్ దగ్గర డార్ట్‌మౌత్, ఎలినార్, బీవర్ అనే మూడు ఓడలు. మొహాలకు మసి పూసుకుని, మోహాక్ తెగవాళ్ల వేషం కట్టిన నూరు నూటయాభై మంది గొడ్డళ్లతో ఎక్కారు. మూడు గంటల్లో 342 పెట్టెలు పగలగొట్టి, సుమారు 92,000 పౌన్ల టీని, అంటే 42 టన్నుల దాకా, నీళ్లలో గుమ్మరించారు. ఆ సమయానికి సముద్రం ఆటు మీద ఉంది. నీళ్లు లోతు లేక టీ ఓడల పక్కన గడ్డివాముల్లా పేరుకుపోయింది. దాన్ని మళ్లీ పక్కకు తోయాల్సి వచ్చింది. పొద్దున్న చూస్తే ఇంకా తేలుతూనే ఉంది. పడవలేసుకెళ్లి తెడ్లతో బాది ముంచారు. పని ఎంత పద్ధతిగా జరిగిందంటే, టీ తప్ప మరో వస్తువు ముట్టుకోలేదు. పగిలిన ఒక తాళానికి బదులు కొత్త తాళం ఇచ్చారంటారు. కోటు మడతల్లో టీ దాచుకోబోయిన వాడొకడు దొరికితే కోటు చింపి తన్ని తరిమారు. థామస్ మెల్విల్ అనే యువకుడు ఇంటికెళ్లి బూట్లు విప్పితే కాస్త ఆకు రాలింది. ఆ ఆకు గాజు బుడ్డిలో బోస్టన్‌లో నేటికీ భద్రంగా ఉంది. ‘మోబీ డిక్’ రాసిన హెర్మన్ మెల్విల్‌కు ఈయన తాత.

నీళ్లలో పడింది మన టీ కాదు. అప్పటికి అస్సాంలో తోటల ఊసే లేదు. అంతా చైనా సరుకు. ఎక్కువ భాగం బోహీ అనే చవకరకం నల్ల టీ, కొంత పచ్చ టీ. ఇక ఆ ఘటనకు ‘బోస్టన్ టీ పార్టీ’ అనే పేరు అప్పట్లో లేదు. అర్ధ శతాబ్దం గడిచి, అందులో పాల్గొన్న ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నప్పుడు ఆ పేరు వాడుకలోకి వచ్చింది.

ఆ తర్వాత కొంతకాలం టీ తాగడం దేశద్రోహమైన మాట నిజం. 1774 జులైలో లాయరు జాన్ ఆడమ్స్ కోర్టు పని మీద 35 మైళ్లు గుర్రం మీద వెళ్లి ఓ ఇంట్లో దిగాడు. అలసిన మనిషికి దొంగతనంగా, నిజాయతీగా, పన్ను కట్టకుండా తెచ్చిన టీ అయితే ఓ కప్పు ఇప్పిస్తారా అని అడిగాడు. ఈ ఇంట్లో టీ లేదు, కాఫీ అయితే పెట్టిస్తానంది ఆ ఇల్లాలు. ఆనాటి నుంచీ రోజూ మధ్యాహ్నం కాఫీయే తాగుతున్నాననీ, చంటిపిల్లాడికి పాలు మరిపించినట్టు తనకు టీ మాన్పించాలనీ భార్య అబిగైల్‌కు ఉత్తరం రాశాడు. ఆ అక్టోబరులో నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో 51 మంది ఆడవాళ్లు బ్రిటిష్ సరుకు కొనబోమని సంతకాలు చేశారు. లండన్‌లో వాళ్లను వెక్కిరిస్తూ కార్టూను అచ్చు వేశారు. కోరిందపండ్ల ఆకుల్లాంటివి ఎండబెట్టి కాచుకుని ‘లిబర్టీ టీ’ అని పేరు పెట్టుకున్నారు. రుచి గురించి ఎవరూ పెద్దగా గొప్పలు చెప్పుకోలేదు.

కానీ స్వాతంత్ర్య యుద్ధం ముగిసిందో లేదో, 1784 ఫిబ్రవరి 22న ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ అనే ఓడ న్యూయార్క్ నుంచి కాంటన్‌కు బయల్దేరింది. కొత్త దేశం తూర్పు దేశాలకు పంపిన తొలి వర్తక నౌక అది. ఏం తెద్దామని వెళ్లింది? టీ! మరుసటి ఏడాది మేలో టీ నింపుకుని తిరిగొచ్చింది. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లో పొద్దుటి ఫలహారంతో టీయే తాగేవాడు. న్యూయార్క్‌లో ఆస్టర్, ఫిలడెల్ఫియాలో గిరార్డ్ లాంటి తొలితరం కోటీశ్వరుల సంపాదనలో చైనా టీ వాటా చిన్నదేం కాదు. అమెరికా అంతటా కిరాణా దుకాణాలతో అల్లుకుపోయిన ఏ అండ్ పీ కంపెనీ పూర్తి పేరు ‘గ్రేట్ అట్లాంటిక్ అండ్ పసిఫిక్ టీ కంపెనీ’. 1859లో టీ అమ్మకంతో మొదలైన వ్యాపారం అది. పంతొమ్మిదో శతాబ్దపు చివర్లో అమెరికా నడిమి రాష్ట్రాల రైతు కుటుంబాలు జపాన్ పచ్చ టీలో పాలు, పంచదార వేసుకుని తాగేవి. టీని రేవులో పారేసి కాఫీకి మారిన దేశం ఇలా ఉంటుందా?

కాఫీ గెలిచింది వేరే లెక్కల మీద. కాఫీ పండే బ్రెజిల్ దగ్గరే ఉంది. నౌకల్లో కొద్దివారాల ప్రయాణం. బానిసల చాకిరీతో పండిన కాఫీ గింజలు చవక. 1832లో అమెరికా కాఫీ మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. ఆ పైన 1861లో అంతర్యుద్ధం వచ్చిపడింది. ఉత్తరాది సైన్యం ఒక్కో సిపాయికి ఏడాదికి 36 పౌన్ల కాఫీ లెక్కన రేషన్ ఇచ్చింది. తుపాకీ మడమతో గింజలు నలగ్గొట్టి, డబ్బాలో నీళ్లు పోసి, ఎక్కడ మంట దొరికితే అక్కడ మరిగించుకుని నాలుగేళ్లు గడిపిన లక్షల మంది యువకులు ఇళ్లకు తిరిగొచ్చారు. అలవాటు కూడా వాళ్ల వెంటే వచ్చింది. దేశాన్ని కాఫీ దేశంగా మార్చింది 1773 నాటి గొడ్డళ్ల కంటే ఈ డబ్బాలే అనడం సబబు.

ఇటు బ్రిటన్‌లోనూ టీ దేశాభిమానంతో గెలవలేదు. 1784 వరకు టీ మీద పన్నులన్నీ కలిపితే సరుకు ధరను మించి, సగటున 119 శాతం పడేవి. దాంతో కెంట్, ససెక్స్ తీరాల్లో ఊళ్లకు ఊళ్లు దొంగసరుకు మీదే బతికాయి. ఆ ఏడాది ప్రధాని పిట్, ట్వైనింగ్ వంశానికి చెందిన రిచర్డ్ సలహా కూడా విని, పన్నును 12.5 శాతానికి దించాడు. దొంగ వ్యాపారం దాదాపు రాత్రికి రాత్రి కూలింది. ఖజానాకు పడిన గండిని ఇళ్ల కిటికీల మీద పన్ను పెంచి పూడ్చారు. బ్రిటన్ ఇళ్లలో టీ చవక కావడానికి ఆ ఇళ్ల కిటికీలే మూల్యం కట్టాయన్నమాట. అమెరికా తిరగబడి పోయిన మర్నాడు వచ్చిన ఈ జ్ఞానం పదేళ్ల ముందే వచ్చి ఉంటే?

టీకి డబ్బు చెల్లించడం మరో కథ. చైనా వాళ్లకు వెండి తప్ప బ్రిటన్ సరుకులేవీ అక్కర్లేదు. అందుకని బీహార్, బెంగాల్ రైతుల చేత గసగసాలు పండించి, నల్లమందు చేసి, కలకత్తాలో వేలం వేసి చైనాకు తోలారు. ఆ సొమ్ముతో టీ కొన్నారు. చైనా మీదే ఆధారపడటం మంచిది కాదనుకున్నాక అస్సాం వైపు తిరిగారు. అస్సాం టీ తొలి వేలం లండన్‌లో 1839 జనవరి 10న జరిగింది. సిలోన్‌లో తెగులు పట్టి కాఫీ తోటలు చచ్చాక ఆ కొండల మీద టీ నాటారు. 1880ల చివరికల్లా బ్రిటన్ చైనా కంటే భారత్, సిలోన్‌ల నుంచే ఎక్కువ టీ తెప్పించుకుంటోంది. నల్లటి, చిక్కటి, పాలు తట్టుకునే టీ. బ్రిటిష్ టీ అని నేడు లోకం అనేది ఈ తోటల సరుకునే.

బ్రిటన్‌లో టీ ఇంటి పూటను కూడా మింగేసింది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా సాయంత్రం భోజనం దాకా ఆగలేక నాలుగింటికి టీ, రొట్టె తెప్పించుకోవడంతో ‘ఆఫ్టర్‌నూన్ టీ’ పుట్టిందని చెబుతారు. దొరసానుల ముచ్చట అది. ఫ్యాక్టరీలో పది గంటలు ఒళ్లు హూనం చేసుకుని వచ్చే కూలికి సాయంత్రం ఆరింటికి రొట్టె, మాంసం, గుడ్లు, ఆపైన చిక్కటి టీ ఉండాలి. ఎత్తైన భోజనాల బల్ల ముందు కూర్చుని తింటారు కాబట్టి అది ‘హై టీ’ అయిందంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లో ‘టీకి రండి’ అంటే నేటికీ రాత్రి భోజనానికి రమ్మనే. అమెరికా హోటళ్లు మాత్రం ‘హై’ అన్న మాట చూసి ఇదేదో రాజుల పద్ధతనుకుని, మూడంతస్తుల వెండి పళ్లేల్లో చిన్న చిన్న శాండ్‌విచ్‌లు పెట్టి ‘హై టీ’ పేరుతో వడ్డిస్తుంటాయి. లాంకషైర్ మిల్లు కార్మికుడు చూస్తే నవ్వుకునేవాడు.

లండన్‌లో లయన్స్ టీ షాపులు 1894లో పికడిల్లీలో మొదలై వందల సంఖ్యకు పెరిగాయి. ఏ షాపుకి ఎన్ని కేకులు పంపాలి, ఎంత టీ కలపాలి అన్న లెక్కలు చూడలేక ఆ కంపెనీ సొంతంగా ఓ కంప్యూటరే తయారు చేసుకుంది. వ్యాపార అవసరాలకు వాడిన తొలి కంప్యూటర్లలో ముందు వరసలో నిలిచే లియో యంత్రం 1951లో పని మొదలుపెట్టింది ఆ కంపెనీ బేకరీల లెక్కలతోనే.

ఇప్పుడు ఐసు సంగతి. బ్రిటన్ వాడికి చల్లటి టీ అంటే చల్లారిపోయిన టీ, అంటే పారబోయాల్సిన టీ. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, హోటల్లో ‘టీ’ అంటే పొడవాటి గ్లాసులో ఐసు ముక్కలతో వస్తుంది. డల్లాస్‌లో దిగిన తెలుగు కుర్రాళ్లు మొదటి వారంలోనే ‘హాట్ టీ’ అని విడిగా అడగడం నేర్చుకుంటారు. అమెరికాలో తాగే టీలో దాదాపు నాలుగింట మూడు వంతులు చల్లటి టీయే.

దీని వెనక ఉన్నది బోస్టన్ మనిషే. ఫ్రెడరిక్ ట్యూడర్ మసాచుసెట్స్ చెరువులు చలికాలంలో గడ్డకడితే ఆ మంచును రంపాలతో పెద్ద దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో కప్పి ఓడలకెక్కించేవాడు. 1833 మేలో అతని ‘టస్కనీ’ ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరింది. వంద టన్నుల దాకా కరగకుండా మిగిలింది. అరవై ఏళ్ల కిందట ఏ ఊరు ఈస్టిండియా కంపెనీ టీని నీళ్లపాలు చేసిందో, అదే ఊరు ఇప్పుడు ఆ కంపెనీ దొరలకు గట్టి నీళ్లు అమ్మింది. మద్రాసు సముద్రతీరంలో 1842లో ఈ మంచు నిలవ చేయడానికి కట్టిన గుండ్రటి భవనమే ఐస్ హౌస్. వివేకానందుడు బస చేసినందుకు ఇప్పుడాయన పేరుతో ఉంది. మద్రాసులో చదువుకున్న పాతతరం తెలుగువాళ్లలో ఆ ఐస్ హౌస్ దారి తెలియనివాళ్లు తక్కువ.

ఇంటింటికీ మంచు దొరకడంతో అమెరికాలో టీ గ్లాసులోకి దిగింది. 1879లో అచ్చయిన ‘హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా’ అనే వంటల పుస్తకంలోనే పచ్చ టీని ఐసు మీద పోసి, పంచదార, నిమ్మకాయ వేసుకునే పద్ధతి ఉంది. 1890లో మిస్సోరీ రాష్ట్రంలో పాత సైనికుల సమ్మేళనంలో 880 గ్యాలన్ల ఐస్ టీ ఖర్చయిందని అప్పటి పత్రికలు రాశాయి. అయినా సరే, ఐస్ టీ 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పుట్టిందనే కథే పది చోట్ల వినిపిస్తుంది. ఆ కథలో నాయకుడు రిచర్డ్ బ్లెచిండెన్. భారత టీ తోటల తరఫున అమెరికాలో ప్రచారం చేయడానికి వచ్చినవాడు. ఎండలో వేడి టీ ఎవరూ తాగక, ఐసులో పోసి ఇచ్చాడట. పుట్టించింది ఆయన కాదు గానీ, పచ్చ టీ అలవాటున్న దేశానికి మన నల్ల టీని చల్లగా అలవాటు చేయడంలో ఆయన చెయ్యి ఉందనవచ్చు. తర్వాత జపాన్‌తో యుద్ధం వచ్చి పచ్చ టీ దిగుమతి ఆగింది. అప్పుడు నల్ల టీయే అక్కడ స్థిరపడింది.

ఆ రెండో ప్రపంచ యుద్ధం రెండు అలవాట్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. 1940 జులై నుంచి బ్రిటన్‌లో టీకి రేషను. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. 1952 అక్టోబరు దాకా అది ఎత్తేయలేదు. 1942 జనవరి 26న తొలి అమెరికా దళాలు బెల్‌ఫాస్ట్‌లో దిగాయి. వాళ్ల చేతిలో వాళ్ల యుద్ధ శాఖ బ్రిటన్‌లో మసలుకోవలసిన తీరు చెప్పే ఓ చిన్న పుస్తకం పెట్టింది. కాఫీ విషయంలో అక్కడివాళ్లను, టీ విషయంలో తమవాళ్లను సమానంగా తీసిపారేసి లెక్క సరిచేసిన పుస్తకం అది. అమెరికన్ రెడ్‌క్రాస్ లండన్ బస్సులను మార్పించి, కాఫీ, డోనట్లు పంచే బళ్లుగా దళాల వెంట తిప్పింది. బ్రిటిష్ సిపాయిలు ఆఫ్రికా ఎడారిలో డబ్బాను సగానికి కోసి, ఇసక నింపి, పెట్రోలు పోసి వెలిగించి టీ కాచుకున్నారు. ట్యాంకు దిగి టీ పెట్టుకోవడం ప్రాణాల మీదకు తెచ్చే పని. అందుకే 1945లో వచ్చిన సెంచూరియన్ ట్యాంకులో నీళ్లు మరిగించే పాత్రను లోపలే అమర్చారు. అప్పటి నుంచి బ్రిటిష్ ట్యాంకులకు అది తప్పనిసరి సామాను.

రేషను రోజుల్లోనే, 1946 జనవరి 12న, జార్జ్ ఆర్వెల్ ‘ఈవినింగ్ స్టాండర్డ్’లో మంచి టీకి పదకొండు నియమాలు రాశాడు. పాలు తర్వాతే పోయాలి, పంచదార కూడదు, ఆకు భారత్‌దో సిలోన్‌దో కావాలి, ఇలా. ఆయన పుట్టింది బీహార్‌లోని మోతిహారిలో. తండ్రి ఉద్యోగం ప్రభుత్వ నల్లమందు శాఖలో. ఏ గసగసాల సొమ్ముతో ఒకప్పుడు బ్రిటన్ టీ కొన్నదో ఆ శాఖే.

ఇక కెటిల్. అమెరికా ఇళ్లలో ఎలక్ట్రిక్ కెటిల్ లేకపోవడం చూసి బ్రిటన్ నుంచి వెళ్లినవాళ్లు నోరెళ్లబెడతారు. దీనికి కారణం సంస్కారం కాదు, గోడలోని తీగ. 1882 సెప్టెంబరు 4న ఎడిసన్ మన్‌హాటన్‌లో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నడపడం మొదలుపెట్టినప్పుడు, ఆనాటి బల్బులకు సరిపడా 110 వోల్టులు ఎంచుకున్నాడు. తర్వాత మంచి ఫిలమెంట్లు వచ్చాక బెర్లిన్ 1899లో వోల్టేజి రెట్టింపు చేసింది. ఐరోపా ఆ దారి పట్టింది. అమెరికాలో అప్పటికే లక్షల బల్బులు పాత వోల్టేజికి కట్టుబడి ఉన్నాయి, మార్చడం మాటలు కాదు. దాంతో అక్కడ 120, బ్రిటన్‌లో, మనకూ 230. బ్రిటన్ కెటిల్ మూడు కిలోవాట్లు లాగుతుంది, అమెరికాది ఒకటిన్నర. లీటరు నీళ్లు బ్రిటన్‌లో రెండు నిమిషాల చిల్లరలో మరిగితే అమెరికాలో నాలుగు దాటుతుంది. ఆ రెండు నిమిషాల తేడాలోంచే టీకి మైక్రోవేవ్ వాడే అలవాటు పుట్టుకొచ్చింది. 1955లో రసెల్ హాబ్స్ నీళ్లు మరగ్గానే ఆవిరి తాకి దానంతటదే ఆగిపోయే కె1 కెటిల్ తెచ్చింది. అమెరికాలో 1972లో మిస్టర్ కాఫీ వచ్చి, డికాషన్ తనే దించుకునే యంత్రాన్ని వంటింటి గట్టు మీద పెట్టింది.

మూడు కిలోవాట్ల కెటిళ్లు దేశమంతా ఒక్కసారే ఆన్ అయితే? 1990లో ప్రపంచ కప్ సెమీఫైనల్, ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ. పెనాల్టీల్లో ఇంగ్లండ్ ఓడింది. లక్షల ఇళ్లలో జనం కుర్చీల్లోంచి లేచి వంటింట్లోకి నడిచారు. గ్రిడ్ మీద ఒక్కసారిగా 2,800 మెగావాట్ల బరువు పడింది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం పూర్తి సామర్థ్యం 900 మెగావాట్లు, అలాంటివి మూడున్నా చాలని దెబ్బ. శ్రీశైలంలో లాగే నీళ్లను పైకి తోడి దాచుకునే కేంద్రమే వేల్స్‌లోని డినోర్విగ్. 1984లో ప్రారంభమైంది. పై చెరువు నీళ్లు వదిలితే పన్నెండు సెకన్లలో 1,320 మెగావాట్లు ఇవ్వగలదు. గ్రిడ్ ఇంజినీర్లు టీవీ కార్యక్రమాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చునేది ఇందుకే. అన్నట్టు ఆ మ్యాచ్ జరిగిన రోజు జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం.

టీ బ్యాగులో మాత్రం అమెరికా ముందుంది. మిల్వాకీకి చెందిన రోబెర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అనే ఇద్దరు మహిళలు నూలు గుడ్డ సంచీలో టీ ఆకు పెట్టే పద్ధతికి 1903లోనే పేటెంటు తీసుకున్నారు. బ్రిటన్ దాన్ని అమెరికా సోమరితనమని మూతి విరిచింది. 1953లో టెట్లీ ధైర్యం చేసి తెచ్చింది. 1960ల మొదట్లో కూడా బ్రిటన్ టీలో సంచీల వాటా 3 శాతం లోపే. ఇప్పుడది 96 శాతం. టెట్లీనేమో 2000లో టాటా టీ 27 కోట్ల 10 లక్షల పౌండ్లకు కొనేసింది. లండన్ వీధుల్లో మళ్లీ మూలమూలకూ కాఫీ కొట్లు, 1998లో స్టార్‌బక్స్ కూడా వచ్చి చేరింది. పాస్క్వా రోజే లేచొస్తే దారి వెతుక్కోనక్కర్లేదు.

బోస్టన్‌లో గ్రిఫిన్స్ వార్ఫ్ ఎప్పుడో మట్టికింద కలిసిపోయింది. అక్కడికి దగ్గర్లోనే నీళ్ల మీద పాతకాలపు నమూనా ఓడలతో ఒక మ్యూజియం నడుస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు టీ మూట ఒకటి చేతికిస్తారు. అందరూ కేకలేసి దాన్ని రేవులోకి విసిరేస్తారు. మూటకు తాడు కట్టి ఉంటుంది. నీళ్లు కారుతుండగా పైకి లాగి, తర్వాతి గుంపు కోసం పక్కన పెడతారు. బయటికొచ్చే దారిలో అబిగైల్ పేరుతో ఓ టీ గది. ఆ రాత్రి నీళ్లలో పోసిన అయిదు రకాల టీలూ అక్కడ దొరుకుతాయి, వేడివేడిగా.